నీళ్లు వచ్చిన ఇంటికి రోగిని తీసుకువెళ్లే ముందు

డిశ్చార్జి కాగితం చేతికి రాగానే ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తుంది. అయితే ఈ మధ్య మీ ఇంట్లోకి వాన నీళ్లు వచ్చి ఉంటే, రోగిని తీసుకువెళ్లే ముందు ఒకరు వెళ్లి సంపు మూత తీసి చూడండి.

2020 అక్టోబరు వానలకు జీడిమెట్ల ఫాక్స్ సాగర్ చెరువు నిండి, మన గుండ్లపోచంపల్లికి దగ్గరలోని కొంపల్లి వైపు ఉమామహేశ్వర కాలనీ మునిగింది. నీళ్లు చాలా రోజులు ఇళ్ల మధ్యనే నిలిచాయి. అలా వచ్చేది వట్టి వాన నీరు కాదు. మోరీలు, సెప్టిక్ ట్యాంకులు, చెత్తకుప్పలు అన్నీ కడుక్కుని వస్తుంది. సంపు నేలలో ఉంటుంది కనుక ముందుగా అందులోకే దిగుతుంది. రెండు మూడు రోజులకు మురికి అడుగుకు చేరి, పైన నీరు తేటగా కనిపిస్తుంది. ఆ తేటదనాన్ని చూసే మోసపోతాము. మోటారు వేస్తే అదే నీరు పై ట్యాంకుకెక్కి వంటింటి నల్లాలో వస్తుంది. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు ఈ దారినే వస్తాయి. కామెర్లలో హెపటైటిస్ ఇ రకం గర్భిణుల ప్రాణానికే ముప్పు.

సంపు ఖాళీ చేయించి, బురద తీయించి, గోడలు రుద్ది కడిగించాలి. లోపల గాలి చెడి ఉండవచ్చు, ఇంటివాళ్లు దిగకండి. తరువాత మంచి నీరు నింపి, 1000 లీటర్లకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు బకెట్ నీళ్లలో కలిపి, పైన తేరిన నీటిని సంపులో పోయాలి. ఆ వాసన నల్లాల్లో వచ్చేవరకు వదిలి, 24 గంటలు ఉంచి, మొత్తం పారబోసి కొత్త నీరు పట్టాలి. అప్పటివరకు తాగే నీరు బాగా తెర్లిన తరువాత ఒక నిమిషమైనా మరగనివ్వాలి.

బ్లీచింగ్ పౌడరులో బాత్రూమ్ యాసిడ్ కలిపితే ఇంకా తెల్లగా వస్తుందని కొందరి నమ్మకం. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఆయాసం ఉన్నవారికి అది మరీ ప్రమాదం.

నానిన దూది పరుపు పారేయండి. డబ్బు పెట్టి కొన్నదే, నాకూ తెలుసు. కానీ ఎండ దాని లోపలికి దిగదు, బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. గోడ చెమ్మ ఆరని గదిలో ఆయాసం రోగిని, క్యాన్సర్ మందులు వాడేవారిని పడుకోబెట్టకండి.

షుగరు ఉన్నవారు, కాలికి పుండు ఉన్నవారు ఆ బురద ఎత్తకూడదు. మిగతావారు బూట్లు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. నెల రోజుల లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. ఓపీలో జ్వరం అని మాత్రమే చెప్పి ఊరుకోకండి, వరద నీళ్లలో నడిచామని కూడా డాక్టరుగారికి చెప్పండి.