మతి మరచినా చేయి మరువదు

ఇంటి పెద్దలు కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం వింత కాదు. కాని అదే కళ్లజోడు చేత పట్టుకొని "ఇదేమిటి?" అని అడిగితే, కాఫీ తాగిన పది నిమిషాలకే తనకు కాఫీ ఇవ్వలేదని నొచ్చుకొంటే, అది వట్టి వృద్ధాప్యపు మతిమరపు కాదని గ్రహించాలి. దీనినే వైద్యులు డిమెన్షియా అంటారు. ఆల్‌జైమర్ వ్యాధి ఇందులో ముఖ్యమైనది. 2023లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం మన దేశంలో 60 ఏండ్లు దాటిన వారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, దీనికి లోనై ఉన్నారు.

ముందుగా ఒక మాట. థైరాయిడ్ లోపం, బి-12 విటమిన్ లోపం, మనసు కుంగిపోవడం కూడా ఇలాగే కనిపించవచ్చు. అవి చికిత్సకు లొంగుతాయి. కనుక మొదట వైద్యునికి చూపించాలి. నిమ్హాన్స్ వంటి సంస్థ మన ఊళ్లోనే ఉండగా నలుగురూ ఏమనుకొంటారోనని దాచుకోవడం తగదు.

ఆల్‌జైమర్ వ్యాధి అని తేలిన తరువాత, పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చే మందు ఇంతవరకు లేదు. మిగిలిన శక్తిని మేలుకొలిపే ఉపాయాలు మాత్రం ఉన్నాయి. పూటకొక విషయం తీసికొని, దాని చుట్టూ పాట, బొమ్మ, చేతిపని, కబుర్లు కూర్చడం వాటిలో ఒకటి. ఆల్‌జైమర్ వ్యాధి సాధారణంగా మొదట నిన్నమొన్నటి సంగతులు దాచుకొనే మెదడు భాగాన్ని దెబ్బతీస్తుంది. ముగ్గు పెట్టడం, పూలు కట్టడం, తాళం వేయడం వంటి చేతి అలవాట్లు వేరొక చోట నిలిచి, చాలాకాలం చెదరకుండా ఉంటాయి. కోడలి పేరు తోచని అత్తగారు చకచక మాల కట్టడంలోని రహస్యం ఇదే.

ఇంగ్లండులో 201 మంది వృద్ధులతో ఇటువంటి ప్రయత్నం చేసి 2003లో ఫలితాలు ప్రకటించారు. అందులో కొందరిని ఏడు వారాలపాటు, వారానికి రెండుసార్లు, ముప్పావుగంట చొప్పున కూర్చోబెట్టారు. ఒకనాడు బాల్యం, ఒకనాడు ఆహారం, ఒకనాడు శబ్దాలు, ఇలా రోజుకొక విషయం. చేరని వారికంటె చేరినవారి ఆలోచనాశక్తి, జీవన తృప్తి మెరుగైనట్లు తేలింది. చెన్నైలో ఈ పద్ధతిని మన అలవాట్లకు తగినట్లు మలిచారు. సంగీతం దిగులును కొంత తగ్గిస్తుందని కూడా పరిశోధకులు చెప్పుచున్నారు. బొమ్మలు వేయించే చికిత్సకు మాత్రం అంత గట్టి నిదర్శనం ఇంకా దొరకలేదు. కనుక ఇది వ్యాధిని నయం చేస్తుందని ఆశపడరాదు. ఒక పూట నెమ్మదిగా, గౌరవంగా గడవడమే దీని ఫలం.

ఇక మన సంగతి. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమెతో పనిచేసిన వారు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక విశేషం ప్రకటించారు. ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా కనిపించిందట. చదువు రానివారిలోను ఇటువంటి ఆలస్యమే కనిపించింది. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మనకిది శుభవార్తే. అయితే వ్యాధి ముదిరినప్పుడు కొందరిలో తరువాత నేర్చిన భాషలు ముందు జారిపోయి, తల్లి భాషే మిగులుతుంది. 1998లో స్థాపించిన నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు వంటి సంస్థలు మన నగరంలో ఇటువంటి వృద్ధులకు సేవ చేస్తున్నాయి. కాని రోజంతా అక్కడ గడిపినా, ఇంటికి వచ్చిన బామ్మగారితో రెండు తెలుగు మాటలు ఆడే మనుమడు లేకపోతే, ఆమె సొంత ఇంటిలోనే పరాయిదవుతుంది.

అందుచేత ఈ పని ఇంటనే మొదలుకావాలి. సంక్రాంతి విషయంగా తీసికొన్నారనుకోండి. పలకమీద నాలుగు చుక్కలు పెట్టి సుద్దముక్క చేతికివ్వండి. నువ్వులు వేయించిన వాసన చూపండి. గొబ్బిపాట ఎత్తుకొని, అందుకొనేదాకా ఆగండి. జనవరిలోను, ఆగస్టులోను లాల్‌బాగ్ పూల ప్రదర్శన జరిగే రోజులలో పూలు, రంగు కాగితాలు పనికివస్తాయి. ఫ్యాక్టరీలో పనిచేసిన తాతగారికి రైలు ప్రయాణం విషయమైతే పాత టైంటేబులు, రైలు బొమ్మ, రంగు పెన్సిళ్లు చాలు.

"గుర్తుందా?" అని మాత్రం అడగకండి. అది పరీక్ష పెట్టినట్లవుతుంది. "ఎర్రపూవా, పచ్చపూవా?" అంటే జవాబు సులువు. ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. ముగ్గు వంకరైతే దిద్దకండి. చాలామందికి సాయంత్రం చికాకు హెచ్చుతుంది గనుక ఉదయం వేళే మేలు. అరగంటకు విసిగితే అంతటితో ఆపండి. నోట పెట్టుకొనే అలవాటున్నవారికి పూసలు, గింజలు ఇవ్వరాదు.

దినమంతా కనిపెట్టుకొని ఉండే కోడలికో, కూతురికో కూడా విశ్రాంతి కావాలి గదా! మన సంఘాలు నెలకొక ఉదయం హాలు తెరచి, నలుగురు యువకులను తోడిచ్చి, ఇటువంటి పెద్దలను ఒకచోట చేర్చవచ్చు. ఒక హార్మోనియం, నాలుగు పలకలు, ఒక వామనగుంటల పీట, తెలుగు మాట్లాడే పిల్లలు ఉంటే చాలు. పిల్లలకు భాష అబ్బుతుంది, పెద్దలకు తోడు దొరుకుతుంది, ఇంటి ఇల్లాలికి ఒక పూట ఊపిరి తీసుకొనే వీలు కలుగుతుంది.