రాజముద్ర కింద రిపబ్లిక్: మనీలా ప్రతిముద్రిత వెండి నాణేలు (1828–1837)

చలామణిలో ఉన్న నాణెంపై మరొక అధికారం తన చిహ్నాన్ని అదనంగా కొట్టడాన్ని ప్రతిముద్ర అనవచ్చు. సాధారణంగా అది నాణెం విలువకు హామీ. స్పెయిన్ పాలనలోని ఫిలిప్పీన్స్‌లో 1828 నుంచి వేసిన ప్రతిముద్రలకు మాత్రం మూలకారణం విలువ కాదు, నాణెంపై ఉన్న బొమ్మలూ రాతలూ.

మనీలాలో అప్పటికి వెండి నాణేల టంకసాల లేదు. అది ఏర్పడింది 1861లో. అంతకుముందు రెండున్నర శతాబ్దాల పాటు, 1815 వరకు, అకపుల్కో నుంచి పసిఫిక్ దాటి వచ్చే ఓడలే మెక్సికో వెండిని తెచ్చేవి. చైనా పట్టుకు, పింగాణికి చెల్లింపులు ఆ వెండితోనే జరిగేవి. 1821లో మెక్సికో స్వతంత్రమైంది. ఆ తరువాత కూడా వెండి వస్తూనే ఉంది గానీ, ఎనిమిది రియాళ్ళ నాణెంపై రాజు ముఖం పోయింది. ఒకవైపు పామును పట్టిన గద్ద. మరోవైపు కిరణాల నడుమ టోపీ, దానిపై 'లిబర్తాద్' అనే మాట. అంటే స్వేచ్ఛ. స్పెయిన్ ఇంకా గుర్తించని తిరుగుబాటు రాజ్యపు నాణెం ఇది. నిరాకరిస్తే వర్తకం కుంటుపడుతుంది. యథాతథంగా స్వీకరిస్తే ఆ రాజ్యాన్ని ఒప్పుకున్నట్టే.

గవర్నర్ జనరల్ మరియానో రికఫోర్త్ కాలంలో, 1828లో, దీనికొక మార్గం కనుగొన్నారు. పెద్ద అచ్చులతో నాణెం రెండు వైపులా తిరిగి కొట్టారు. ఒకవైపు 'మనీలా 1828', రెండోవైపు 'అబిలితాదో పోర్ ఎల్ రెయ్' అని మొదలై ఏడవ ఫెర్నాండో పేరుతో ముగిసే వాక్యం. 'రాజు చేత చెల్లుబాటు పొందినది' అని దాని భావం. రాజు దీన్ని ముద్రించాడని ఆ వాక్యం చెప్పదు, చెల్లనిచ్చాడని మాత్రమే చెబుతుంది. అయితే సుమారు 27 గ్రాముల గట్టి వెండిపై అంత పెద్ద ముద్ర సమంగా పడడం కష్టం. ముద్ర అంచుల్లో పాత రాత జాడలు మిగిలిపోయేవి. అచ్చులూ ఎక్కువకాలం నిలవలేదు.

1832లో పద్ధతి మారింది. కిరీటం కింద 'ఎఫ్. 7' అనే చిన్న ముద్ర వచ్చింది. ఫెర్నాండో 1833లో మరణించాక ఇసబెల్ పేరిట 'వై. 2' వేశారు (ఆ పేరును అప్పట్లో 'వై'తో రాసేవారు). ఈ చిన్న ముద్ర దేనినీ కప్పదు. గద్ద, టోపీ స్పష్టంగానే కనిపిస్తాయి. చెరిపివేసే ప్రయత్నం అక్కడితో ముగిసి, రాజు పొడి అక్షరం రిపబ్లిక్ చిహ్నం పక్కనే సర్దుకుంది.

1836 డిసెంబరులో స్పెయిన్ మెక్సికో స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. మరుసటి ఏడు మనీలాలో ముద్ర వేయడం మానివేశారు.