గోదాలో దూకుడు - జాంబవంతుడు చూపిన మార్గము



ఆంజనేయస్వామికి మ్రొక్కి గోదాలో దిగు యువకుల తల్లిదండ్రులు మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "మావాడు తాలీంఖానాలో తనకంటె పెద్దవానిని సైతము పడవేయును. పోటీనాడు మాత్రము వెనుకంజ వేయును. ఆ భయము పోవుటకు ఏ స్తోత్రము చదివింపవలెను?" అని. స్తోత్రము చదువుట మంచిదే. అయితే స్వామి చరిత్రలోనే దీనికి సమాధానమున్నది. దానిని కొంత విచారింతము.

కిష్కింధాకాండ చివర వానరవీరులు సముద్రతీరమున నిలిచి, ఎవరెన్ని యోజనములు దాటగలరో చెప్పుకొనుచున్నారు. హనుమంతుడు మాత్రము ఒక ప్రక్కన మౌనముగా కూర్చుండెను. బలము లేక కాదు. బాల్యమున ఆశ్రమములలో అల్లరి చేసినందున, ఒకరు గుర్తుచేయువరకు తన బలము తనకు తెలియకుండునట్లు మునులు శపించిరని ఉత్తరకాండ చెప్పుచున్నది. అప్పుడు జాంబవంతుడేమి చేసెను? పిరికివాడవని నిందింపలేదు. "భయపడకుము" అని వెన్ను తట్టి ఊరుకొనలేదు. ఆయన పుట్టుకను, పసితనమున ఉదయించు సూర్యుని పండని తలచి ఆకాశమునకెగిరిన సంగతిని వివరముగా వినిపించెను. అన్నియు జరిగినవే. ఆ మాటలు వినిన పిమ్మటనే స్వామి దేహము పెంచెను.

వస్తాదులు గ్రహింపవలసినది ఇదియే. "నీవు సింహమువు" అని చెవిలో అరచినచో ఆ వేడి మొదటి పట్టువరకే నిలుచును. "నిన్న ఈ పట్టు ఇరువది మారులు వేసితివి, పదునాలుగు మారులు ఎదుటివాడు పడెను" అని లెక్క చెప్పినచో బిడ్డ నమ్మును. ధైర్యమనగా చాలవరకు ఇట్టి జ్ఞాపకమే. కావున ప్రతిదినము ఆ లెక్కను ఒక పుస్తకములో వాని చేతనే వ్రాయించుట మేలు.

దూకుడనగా కోపమని కొందరి భ్రమ. కోపించినవాడు ఊపిరి బిగబట్టి త్వరగా అలసిపోవును. ఎదుటివాని కాళ్ళ కదలిక వానికి కనబడదు. సభాపర్వములో భీమ జరాసంధుల మల్లయుద్ధము కార్తికమాసపు తొలి తిథిన మొదలై త్రయోదశి వరకు సాగినది. చతుర్దశి రాత్రి జరాసంధుడు అలసెను. దానిని కనిపెట్టి శ్రీకృష్ణుడు సూచన చేసిన తరువాతనే భీముడు తుదిదెబ్బ తీసెను. భీమునంతటి కోపిష్ఠికి సైతము అదను చూపువారు కావలసివచ్చిరి!

నేటి ఫ్రీస్టైల్ కుస్తీలో ఊరక కాచుకొనువానికి నియమములే శిక్ష విధించును. రిఫరీ మొదట హెచ్చరించును. మరల అట్లే ఉన్నచో 30 సెకండ్ల గడువిచ్చును. ఆలోపున ఎవరును పాయింటు సాధింపనిచో ఎదుటివానికి ఒక పాయింటు పోవును.

అందుచేత ముందుగా తానే పట్టుకు పోవుట అభ్యాసములోనే అలవాటు కావలెను. ఈల వినబడిన పది సెకండ్లలో దాడి చేయవలెనని కట్టడి పెట్టుడు. పట్టు తప్పినచో తిట్టకుడు; తిట్లు తిన్న బిడ్డ మరునాటినుండి కాచుకొనుటకే అలవాటుపడును. కొత్త పట్టును మొదట తనకంటె తక్కువవానిపైన, పిదప సమానునిపైన, అటుపై పెద్దవానిపైన వేయనిండు. వారమునకొకనాడు, ఐదు పాయింట్లు వెనుకబడితివి, రెండు నిమిషములే మిగిలినవి అని చెప్పి ఆడింపుడు.

ఇది వట్టి ఊహ కాదు. 2016 రియో ఒలింపిక్సులో 58 కిలోల కాంస్యపతకపు పోటీలో సాక్షి మాలిక్ 0-5తో వెనుకబడినది. అయినను దాడి మానక 8-5తో గెలిచినది. ఆధిక్యము చేజిక్కినది ఆఖరి సెకండ్లలోనే. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళా కుస్తీ క్రీడాకారిణి ఆమెయే. ఆడపిల్లలను గోదాకు పంపుటకు సంకోచించువారు దీనిని గమనింతురుగాక.

ఇక పోటీనాటి ఉదయమున తల్లిదండ్రులు గెలుపు మాట ఎత్తవలదు. స్వామికి దీపము పెట్టి, బిడ్డ వ్రాసికొన్న లెక్కపుస్తకమునుండి రెండు పుటలు చదివి వినిపించిన చాలును.