వీడియో మనదే, అండ్ల మొఖం ఎవలిది?

ఎండిన చెరువు, కూలిన బడి గోడ, హాస్టల్‌ల నీళ్ల చారు. ఇవన్నీ మన పోరగాండ్లు ఫోన్‌తోని తీసి లోకానికి చూపెడుతున్నరు. మంచిదే. మన ఊరి దిక్కు కెమెరాలు రానప్పుడు మన కథ మనమే చెప్పుకోవాలె. గాని వీడియో తీసుడు ఒక పని, పదిమందికి చూపెట్టుడు ఇంకో పని. చూపెట్టే ముంగట రెండు సంగతులు అడగాలె: అండ్ల పాట ఎవలిది? మొఖం ఎవలిది?

ముంగట పాట సంగతి. సినిమా పాట 10 సెకన్లే వాడితే ఏం కాదని మస్తు మంది అనుకుంటరు. 1957 కాపీరైట్ చట్టంల గసుంటి లెక్క ఏడ లేదు. పాడినోళ్ల పేరేసినా అది అనుమతి కిందికి రాదు. పాట రాసినాయన హక్కు ఆయన చనిపోయినంక గూడ 60 ఏండ్లు ఉంటది. యూట్యూబ్‌ల అయితే కంటెంట్ ఐడీ అనే యంత్రం పాటను గుర్తుపడ్తది. సొంతదారు కావాల్నంటె మన వీడియో ఆపొచ్చు, లేకుంటె దాని మీద వచ్చే పైసలు తీసుకోవచ్చు.

బడి లోపట ముచ్చట వేరు. బడి కార్యక్రమంల పిల్లలు, సార్లు, తల్లిదండ్రుల ముంగట సినిమా, పాట వేస్తే చట్టంల 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తది. గదే వీడియో ఊరి చౌరస్తల తెర మీద వేసినా, నెట్‌ల పెట్టినా ఆ మినహాయింపు మనెంట రాదు.

మరి ఏం చెయ్యాలె? తాతలనాటి బతుకమ్మ పాటకు సొంతదారు లేడు. గాని ఏదో ఛానల్ రికార్డు చేసిన బతుకమ్మ పాటకు ఉంటడు. గందుకే డౌన్‌లోడ్ చేసుడు బంద్ పెట్టి, మీ అమ్మమ్మనే పాడమనున్రి. ఆమెను గూడ అడిగే పెట్టున్రి, పాడినోళ్లకు గూడ చట్టంల హక్కున్నది. లేకుంటె యూట్యూబ్ ఆడియో లైబ్రరీల ఉచిత సంగీతం దొరుకుతది, దాని షరతులు చదివి వాడుకోవాలె.

ఇగ మొఖం సంగతి. ఇది అసలు సంగతి. కూలి తక్కువిస్తున్నరని ఒక అక్క కెమెరా ముంగట చెప్పింది అనుకో. వీడియో పెట్టి మనం చదువుకు పట్నం పోతం. ఆమె మాత్రం రేపు పొద్దుగాల గదే ఆసామి పొలానికి పోవాలె. మనకు లైకులు, ఆమెకు పని బంద్. గందుకే తీసేముంగటనే చెప్పాలె: ఎందుకు తీస్తున్నం, ఏడ పెడ్తం, ఎవలెవలు చూస్తరు. చదువురానోళ్లకు కాయితం చదివి వినిపించాలె. సంతకమో, వేలిముద్రో తీసుకోవాలె. ఎడిటింగ్ అయినంక ఒకపారి వాళ్లకే చూపెట్టాలె. వద్దంటె ఆ ముక్క తీసెయ్యాలె.

పిల్లలుంటె ఇంకా జాగ్రత్త. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం 18 ఏండ్లు నిండనోళ్లను పిల్లలుగనే లెక్కేస్తది, వాళ్ల తరఫున తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలంటది. హెడ్‌మాస్టర్ సరే అన్నంత మాత్రాన ఇంటోళ్లు ఒప్పుకున్నట్టు కాదు. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, బడి, గుర్తుపట్టే ఏ ఆనవాలు బయట పెట్టినా 2012 పోక్సో చట్టం కింద నేరం. మొఖం మసక చేస్తే సరిపోదు. గొంతు, యూనిఫాం, వెనుక కనవడే గేటు గూడ మనిషిని పట్టిస్తయి.

గట్లని అనుమతి అంటే పెద్దోళ్లకు భయపడుడు కాదు. కూలిన కల్వర్టును తీసి చూపెట్టనీకి ఊరి పెద్దమనిషి ఒప్పుకోవాల్సిన పని లేదు. అధికారంల ఉన్నోడిని ప్రశ్న అడగాలె, పేదోడిని అనుమతి అడగాలె. చానా మంది దీన్ని ఉల్టా చేస్తున్నరు. పెద్దోడి పేరు మసక చేసి, పేదోడి కన్నీళ్లు దగ్గరకెల్లి చూపెడుతున్నరు.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, అప్‌లోడ్ బటన్ ఒక్కపారి నొక్కినంక ఆ వీడియో ఎన్ని ఫోన్లల్లకు పోతదో మన చేతుల ఉండది. నొక్కే ముంగటి గడియ మాత్రం మన చేతులనే ఉంటది. గప్పుడే అడగున్రి.