ఆవకాయ పెట్టాకే అమెరికా

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు అక్కడ దిగగానే ఇమిగ్రేషన్ అధికారి సాధారణంగా ఆరు నెలల దాకా గడువు ఇస్తారు. ఏ ఆరు నెలలన్నదే అసలు ప్రశ్న. టికెట్ ధరలు చూడకముందే ఆ లెక్క వేసుకోవాలి.

చలి గురించి అందరూ హెచ్చరిస్తారు. పగటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటల పైచిలుకు, అంతే. సియాటిల్‌లో ఏడు గంటల పైమాటే! జూన్ మూడో వారంలో అక్కడ రాత్రి 9 దాటాక పొద్దు గుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం 4.30 కూడా కాకముందే చీకటి. దీపం పెట్టే వేళ కోసం జూన్‌లో భోజనాలయ్యేదాకా చూసే అమ్మకి, డిసెంబరులో మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికే ఆ వేళ దాటిపోతుంది. కొడుకూ కోడలూ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ చీకట్లో ఇద్దరే. పెద్దవాళ్లని మంచు కంటే ఇదే ఎక్కువ కుంగదీస్తుంది.

నయాగరా నీళ్లకూ సీజనుంది. 1950లో అమెరికా, కెనడా చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పగటిపూట సెకనుకు కనీసం 1,00,000 ఘనపుటడుగుల నీరు దూకాలి. రాత్రుళ్లూ, చలికాలమంతా అందులో సగం వదిలితే చాలు. మిగతా నీటిని కరెంటు తయారీకి మళ్లించుకోవచ్చు.

వాషింగ్టన్‌కి 1912లో టోక్యో కానుకగా పంపిన చెర్రీ చెట్లు మామూలుగా మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో విరగబూస్తాయి. నిండుగా ఉండేది కొద్ది రోజులే. వాటిని చూడాలంటే ఇక్కడ ఆ ఏడాది ఆవకాయ మానుకోవాలి!

ఎల్లోస్టోన్‌లో నవంబరు మొదట్లో మూసిన రోడ్లు చాలావరకు ఏప్రిల్ మధ్య నుంచి గానీ కార్లకు తెరుచుకోవు.

పిల్లలు ఫీనిక్స్‌లో ఉంటే మాత్రం ఈ లెక్కంతా తలకిందులు. 2023 వేసవిలో అక్కడ వరసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. అక్కడికి అక్టోబరు చివర్లో వెళ్లి, మార్చిలో తిరిగి రావడం మేలు.

మిగతావాళ్లకి నా సలహా ఒకటే. మే మధ్యలో, జాడీకి వాసెన కట్టాక బయల్దేరండి. వెర్మాంట్ కొండల మీద ఆకులు ఎర్రబడేది సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య వరకు. అది చూడకుండా తిరిగి రావద్దు. నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. అప్పటిదాకా న్యూయార్క్ కంటే తొమ్మిదిన్నర గంటలు ముందున్న మన టైము, ఆ రోజు నుంచి పదిన్నర గంటలు ముందుంటుంది. ఊళ్లో చెల్లెలికి రోజూ ఫోన్ చేసే వేళ మార్చుకోవాలి.