మీ మెయిల్‌కి ‘తండ్రి పేరు’ ఉందా?

పొద్దున్నే లేచి ఇన్‌బాక్స్‌ తెరిస్తే ఏముంటాయి? కన్సల్టెన్సీ హెచ్‌ఆర్‌ నుంచి ఒకటి, వీసా లాయర్‌ నుంచి ఒకటి, క్లయింట్‌ మేనేజర్‌ నుంచి నాలుగు, ఇండియా నుంచి తమ్ముడు పంపిన పొలం కాగితాల స్కాన్‌ కాపీలు. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లలో చాలామందికి ఈ మెయిళ్లే దస్తావేజులు. ఇమిగ్రేషన్‌ వాళ్లు అదనపు ఆధారాలు అడిగితే (ఆర్‌ఎఫ్‌ఈ అంటామే, అదే) జవాబుకు గడువుంటుంది. ఉద్యోగం పోతే, 2017లో వచ్చిన నిబంధన ప్రకారం మనకు దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. సరిగ్గా అలాంటప్పుడే ‘ఆ మెయిల్‌ మీకు పంపాం కదా’ అంటారు లాయర్‌ ఆఫీసు వాళ్లు. మనకేమో కనపడదు! చాలాసార్లు అది ఎక్కడికీ పోదు. వేరే మెయిళ్ల దొంతరలో అడుగున పడి ఉంటుంది. ఎందుకలా?

పేరొకటే చాలదు

సబ్జెక్టు ఒకటే అయితే మెయిళ్లన్నీ ఒకచోట చేరతాయని మనలో చాలామంది అనుకుంటాం. అసలు ముడి అక్కడ లేదు. పంపే ప్రతి మెయిల్‌కీ ‘మెసేజ్‌-ఐడీ’ అనే గుర్తు పడుతుంది. ఒక మెయిల్‌ గుర్తు ప్రపంచంలో మరో మెయిల్‌కి ఉండకూడదు. మనం ‘రిప్లై’ నొక్కి పంపిన జవాబులో కంటికి కనపడని రెండు వరసలు చేరతాయి. మొదటిది ‘ఇన్‌-రిప్లై-టు’. ఏ మెయిల్‌కి జవాబిస్తున్నామో దాని గుర్తు ఇందులో ఉంటుంది. రెండోది ‘రిఫరెన్సెస్‌’. మొట్టమొదటి మెయిల్‌ నుంచి ఇప్పటిదాకా ఆ వరసలో వచ్చిన వాటి గుర్తులు ఇందులో ఉంటాయి.

మన పద్ధతిలో చెప్పుకుంటే, మొదటిది అప్లికేషన్‌ ఫారంలో రాసే తండ్రి పేరు. రెండోది పెళ్లిలో పురోహితుడు చదివే ప్రవర... ఫలానా వారి మునిమనవడు, ఫలానా వారి మనవడు, ఫలానా వారి కుమారుడు! సబ్జెక్టు ఒట్టి పేరు మాత్రమే. ఊళ్లో పదిమంది శ్రీనివాస్‌లు ఉన్నట్టే ‘అర్జంట్‌’ అనే సబ్జెక్టుతో పదిమంది రాస్తారు.

పాత ఏర్పాటే

ఈ రెండు వరసలూ 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రమాణంలోనే ఉన్నాయి. యూజ్‌నెట్‌ న్యూస్‌గ్రూపుల్లో ఒకరి మాటకు మరొకరు జవాబు రాస్తే రిఫరెన్సెస్‌ తప్పనిసరి అని 1987లో ఆర్‌ఎఫ్‌సీ 1036 చెప్పింది. 1990లలో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకునే మనవాళ్లు ‘సాక్‌.కల్చర్‌.ఇండియన్‌.తెలుగు’లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తూ వాదించుకున్నప్పుడు, ఎవరి జవాబు ఎవరికో తేల్చింది ఈ వరసే.

మరి మధ్యలో ఒక మెయిల్‌ మనకు చేరకపోతే? నెట్‌స్కేప్‌లో పనిచేసిన జేమీ జావిన్‌స్కీ దీనికి మంచి ఉపాయం వాడారు. రాని మెయిల్‌ స్థానంలో ఖాళీ పీట వేసి ఉంచడం! అది వచ్చినప్పుడు అక్కడే కూర్చుంటుంది. తాత కనపడకపోయినా మనవడి చోటు చెదరదు. 1997లో ఆయన వివరించిన ఈ పద్ధతి ఆధారంగానే 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5256 వచ్చింది.

ఎవరి తీరు వాళ్లది

థండర్‌బర్డ్‌లో ఎవరు ఎవరికి జవాబిచ్చారో వంశవృక్షంలా కొమ్మలుగా చూడొచ్చు. 2004లో వచ్చిన జీమెయిల్‌ కొమ్మలు చూపదు, వచ్చిన వేళను బట్టి వరసగా పేరుస్తుంది. అందువల్ల ఒకే మెయిల్‌కి ఇద్దరు వేర్వేరు జవాబులిస్తే, పైనున్నదాన్ని చూడకుండా చివరిదానికే బదులిచ్చేస్తాం. సబ్జెక్టు మారినా, 100 మెయిళ్లు దాటినా జీమెయిల్‌ కొత్త దొంతర మొదలుపెడుతుంది. అవుట్‌లుక్‌ ‘థ్రెడ్‌-ఇండెక్స్‌’ అని సొంత గుర్తు కూడా పెట్టుకుంటుంది. మన ఇన్‌బాక్స్‌లో ఒకే దొంతరగా ఉన్నది లాయర్‌ దగ్గర రెండుగా ఉండొచ్చన్నమాట.

ఏం చేద్దాం?

ఒక కేసుకు సంబంధించిన మాటలన్నీ ఆ మెయిల్‌కే రిప్లైగా రాద్దాం. పాత మెయిల్‌లోని మాటలు కాపీ చేసి కొత్త మెయిల్‌లో అతికిస్తే దానికి తండ్రి పేరు ఉండదు.

కొత్త సంగతికి కొత్త మెయిలే తెరుద్దాం. అడ్రసు టైపు చేయడానికి బద్ధకించి, ఏదో పాత మెయిల్‌కి రిప్లై నొక్కి సబ్జెక్టు మార్చేస్తే, కొన్ని ప్రోగ్రాముల్లో అది ఆ పాత మెయిల్‌ కిందే దాక్కుంటుంది. మన ఆర్‌ఎఫ్‌ఈ ప్రశ్న పోయినేడాది టాక్స్‌ మెయిల్‌ కింద ఉంటే ఎవరు చూస్తారు?

కావాల్సిన మెయిల్‌ కనపడకపోతే పంపినవారి పేరుతో, తేదీతో వెతకండి. జీమెయిల్‌ సెట్టింగ్స్‌లో ‘కన్వర్జేషన్‌ వ్యూ’ ఆపేస్తే మెయిళ్లు విడివిడిగా కనిపిస్తాయి. ‘షో ఒరిజినల్‌’ నొక్కితే ఆ దాగిన వరసలూ కనపడతాయి.

ఇంకొక్క మాట. ఉద్యోగం మారితే ఆఫీసు మెయిల్‌ మూతపడుతుంది. మన వీసా ఉత్తరాలను, కంపెనీ నిబంధనలు ఒప్పుకుంటే, ముందే సొంత మెయిల్‌కి ‘ఫార్వర్డ్‌ యాజ్‌ అటాచ్‌మెంట్‌’గా పంపుకుని ఉంచుకోవాలి. మామూలుగా ఫార్వర్డ్‌ చేస్తే మిగిలేది మాటలే. ఇలా పంపితే మెసేజ్‌-ఐడీ, తేదీ, రిఫరెన్సెస్‌తో సహా మెయిల్‌ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఏ రోజు ఎవరు అడిగారు, మనం ఏ రోజు ఇచ్చాం అన్న ప్రశ్న వచ్చిన నాడు మన తరఫున మాట్లాడేది ఆ కాపీయే.