జట్టు ఐక్యతను కొలిచేదెలా? సూరత్ విజయాలు చెప్పేవి, చెప్పనివి

సూరత్: గుజరాత్ ఆతిథ్యమిచ్చిన 36వ జాతీయ క్రీడల్లో టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్ పోటీలకు సూరత్ వేదికైంది. 2022 సెప్టెంబరులో ఇక్కడ జరిగిన టేబుల్ టెన్నిస్ పురుషుల జట్టు విభాగంలో ఆతిథ్య గుజరాత్ స్వర్ణం గెలుచుకుంది. అక్టోబరులో జరిగిన బ్యాడ్మింటన్ మిక్స్‌డ్ జట్టు విభాగం ఫైనల్లో తెలంగాణ 3-0తో కేరళను ఓడించి స్వర్ణం సాధించింది. ఈ రెండు క్రీడల్లోనూ బరిలో ఒక్కరో, ఇద్దరో మాత్రమే ఉంటారు. పతకం మాత్రం జట్టు మొత్తానికి దక్కుతుంది.

ఇటువంటి విజయాల తరువాత ‘ఐకమత్యమే బలం’ అని చెప్పుకోవడం పరిపాటి. అయితే ఆ ఐకమత్యం అంటే ఏమిటి? దాన్ని కొలవడం సాధ్యమేనా? గెలుపునకు అది కారణమా, లేక గెలుపు వల్ల కలిగిన ఫలితమా? క్రీడా మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్నలపై దశాబ్దాలుగా పరిశోధన సాగిస్తోంది.

రెండు పాయల బంధం

కెనడా పరిశోధకుడు ఆల్బర్ట్ కారన్, ఆయన సహచరులు జట్టు ఐక్యతను నిరంతరం మారుతూ ఉండే ప్రక్రియగా నిర్వచించారు. ఉమ్మడి లక్ష్యాన్ని సాధించేందుకు గానీ, సభ్యుల మానసిక అవసరాలను తీర్చేందుకు గానీ, లేదా ఈ రెండింటికీ గానీ ఒక బృందం విడిపోకుండా కలిసి నిలవడమే ఐక్యత అన్నది దీని సారాంశం.

ఈ నిర్వచనంలో రెండు పాయలు ఉన్నాయి. మొదటిది లక్ష్య ఐక్యత. ఏం సాధించాలి, ఎవరి బాధ్యత ఏమిటి అన్న విషయాల్లో సభ్యులకు ఏకాభిప్రాయం ఉండడం దీని లక్షణం. రెండోది సామాజిక ఐక్యత. ఆట ముగిశాక కూడా ఒకరి సాంగత్యాన్ని మరొకరు కోరుకోవడం ఇందులోకి వస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే ఉండాలన్న నియమం లేదు.

ఇందుకు తరచూ ఉదహరించేది జర్మనీ ఎనిమిది మంది పడవ పందెం జట్టు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఆ జట్టులో హన్స్ లెంక్ సభ్యుడు. అనంతరం తత్వవేత్తగా పేరు పొందిన ఆయన, అగ్రశ్రేణి పడవ జట్లలో తీవ్ర అంతర్గత విభేదాలు ఉన్నప్పటికీ విజయాలు దక్కిన తీరును 1960ల చివర్లో వివరించారు. మాటలు కలవకపోయినా తెడ్లు కలిశాయన్నమాట. స్నేహం లేని చోట ఐక్యత లేదని తేల్చేయడం తొందరపాటేనని ఈ ఉదాహరణ హెచ్చరిస్తుంది.

నిన్నటి సహచరుడే నేటి ప్రత్యర్థి

ఐక్యత నిరంతరం మారే ప్రక్రియ ఎందుకైందో భారత బ్యాడ్మింటన్ స్పష్టంగా చూపుతుంది. 2022 మే నెలలో బ్యాంకాక్‌లో ఇండోనేషియాపై 3-0తో నెగ్గి భారత్ తొలిసారి థామస్ కప్ సాధించింది. ఆ జట్టులో తెలుగువారైన కిదాంబి శ్రీకాంత్, సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిలతో కలిసి హెచ్.ఎస్. ప్రణయ్ ఆడారు. ఐదు నెలల తరువాత సూరత్‌లో ప్రణయ్ కేరళ తరఫున బరిలోకి దిగి, తెలంగాణ క్రీడాకారుడు సాయి ప్రణీత్‌ను ఎదుర్కొన్నారు. ఏడాదిలో అధిక కాలం ఎవరి ర్యాంకు కోసం వారు పోరాడే క్రీడాకారులు కొద్ది రోజుల పాటు ఒక జట్టుగా మారి, తిరిగి ప్రత్యర్థులవుతారు. కనుక ఒకసారి కొలిచిన ఐక్యత ఏడాది పొడవునా అలాగే ఉంటుందని భావించడానికి వీల్లేదు.

18 వాక్యాలు, 9 మెట్లు

కారన్, లారెన్స్ బ్రాలీ, నీల్ విడ్మేయర్ 1985లో రూపొందించిన ‘గ్రూప్ ఎన్విరాన్‌మెంట్ క్వశ్చనీర్’ ఈ రంగంలో విస్తృతంగా వాడే కొలమానం. ఇందులో 18 వాక్యాలు ఉంటాయి. ప్రతి వాక్యంతో ఎంతవరకు ఏకీభవిస్తున్నారో క్రీడాకారులు 1 నుంచి 9 వరకు అంకెలతో సూచించాలి.

ఈ వాక్యాలు నాలుగు అంశాలను పరిశీలిస్తాయి. జట్టు లక్ష్యాలు, తనకు అప్పగించిన పాత్ర పట్ల క్రీడాకారుడికి ఉన్న ఆకర్షణ మొదటిది. సహచరులతో వ్యక్తిగత అనుబంధం రెండోది. జట్టు మొత్తం లక్ష్యం కోసం ఒక్కటిగా నిలుస్తోందా అన్నది మూడోది. ఆట వెలుపల జట్టు ఒక కుటుంబంలా మెలుగుతోందా అన్నది నాలుగోది. అంటే ‘నేను’, ‘మేము’ అనే రెండు దృక్కోణాల నుంచి పై రెండు పాయలనూ విడివిడిగా కొలుస్తారు. 13 నుంచి 17 ఏళ్ల వారి కోసం 2009లో సరళమైన భాషతో ప్రత్యేక ప్రశ్నావళిని రూపొందించారు.

సగటు దాచే నిజం

అంకెలు వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఒక జట్టులో పది మంది ఉన్నారనుకుందాం. అందరూ 6 వేస్తే సగటు 6. ఐదుగురు 9, మిగిలిన ఐదుగురు 3 వేసినా సగటు 6 మాత్రమే. మొదటి జట్టు ఒక మోస్తరుగా కలిసి ఉంది. రెండో జట్టు రెండుగా చీలి ఉంది. తుది జట్టులో ఆడేవారికీ, బెంచీపై కూర్చునేవారికీ మధ్య దూరం ఏర్పడినప్పుడు ఇటువంటి చీలిక కనిపించవచ్చు. అందువల్ల సగటుతో పాటు సమాధానాల మధ్య వ్యత్యాసాన్ని కూడా పరిశీలించాలి.

భాష మరో సమస్య. మూల ప్రశ్నావళిలో పలు వాక్యాలు ప్రతికూల ధోరణిలో ఉంటాయి. ‘ఇష్టం లేదు’ అన్న వాక్యంతో ‘ఏకీభవించను’ అని చెప్పాల్సి రావడం బాల క్రీడాకారులను తికమకపెడుతుంది. కేవలం తెలుగులోకి మార్చితే సరిపోదు. ఆ అనువాదాన్ని వేరొకరితో తిరిగి మూల భాషలోకి మార్పించి, అర్థం చెడలేదని నిర్ధారించుకోవాలి.

గెలుపే ఐక్యతను పెంచుతుందా?

2002లో కారన్ బృందం 46 అధ్యయనాలను క్రోడీకరించి, ఐక్యతకూ ప్రదర్శనకూ మధ్య చెప్పుకోదగిన సంబంధం ఉందని నిర్ధారించింది. ఆ సంబంధం మహిళా జట్లలో మరింత బలంగా కనిపించింది. కలిసి బంతిని అందించుకునే క్రీడలకూ, విడివిడిగా ఆడి ఫలితాన్ని కలుపుకునే క్రీడలకూ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ జట్లకు ఇది ముఖ్యమైన అంశం.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల టేబుల్ టెన్నిస్ పురుషుల జట్టు ఫైనల్లో సింగపూర్‌పై భారత్ 3-1తో నెగ్గింది. డబుల్స్ గెలిచాక సీనియర్ క్రీడాకారుడు శరత్ కమల్ సింగిల్స్‌లో ఓడిపోయారు. అనంతరం సత్యన్, ఆపై సూరత్‌కు చెందిన హర్మీత్ దేశాయ్ గెలిచి స్వర్ణం అందించారు. ఒకరి ఓటమి భారం తరువాత ఆడేవారిపై పడే ఆటలో, సహచరుడిపై నమ్మకం ఎంత అవసరమో ఊహించవచ్చు.

అయితే సంబంధం ఉన్నంత మాత్రాన అది కారణం కాబోదు. 1994లో బ్రయాన్ ముల్లెన్, కరోలిన్ కాపర్ జరిపిన విశ్లేషణ ప్రకారం, ఐక్యత వల్ల ప్రదర్శన మెరుగుపడటం కన్నా ప్రదర్శన వల్ల ఐక్యత పెరగడమే బలంగా కనిపించింది. పతక ప్రదాన వేదికపై కనిపించే ఆలింగనాలను బట్టి జట్టు ఐక్యతను అంచనా వేయలేం. అందుకే కొలత పోటీలకు ముందు, మధ్యలో, తరువాత జరగాలి.

సమాధానం ఎవరి చేతికి?

ఈ కొలమానానికి ప్రాణం నిజాయతీ. ‘జట్టులో నాకు చోటు లేదనిపిస్తోంది’ అని రాసిన పదిహేనేళ్ల క్రీడాకారిణి కాగితం నేరుగా జట్టును ఎంపిక చేసే కోచ్ చేతికి వెళితే, మరుసటిసారి ఆమె అన్నింటికీ 9 వేస్తుంది. అప్పుడు అంకె పెరుగుతుంది, బాధ అలాగే మిగులుతుంది. పేర్లు లేకుండా సమాధానాలు సేకరించడం, వాటిని ఎంపికకు వాడకపోవడం, మొత్తం ఫలితాన్ని తిరిగి జట్టు ముందు ఉంచి చర్చించడం ఇందుకు అవసరమైన కనీస జాగ్రత్తలు. జట్టులో ఎవరు మౌనంగా దూరమవుతున్నారో ఓటమికి ముందే తెలుసుకోగలగడమే ఈ కొలతతో కలిగే అసలు ప్రయోజనం.